మిద్దె మీద హాజరు

మామిడికాయ ముక్కలు తుడిచి గుడ్డ మీద ఆరబోస్తుండగా సామేలు ఫోన్ చేశాడు. సామేలు మా చిన్నాయన కొడుకు. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ, మా పల్లెలో, మా తాత, అంటే జేజినాయన, కట్టిన మిద్దెలోనే తల్లితో, పెళ్లాంతో ఉంటాడు. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. చావో పెళ్లో ఉంటే తప్ప వాడి పేరు నా ఫోన్ మీద కనపడదు. అందుకే చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను.

"అక్కా, నడిమింటి దూలం కుంగింది. పైన సిమెంటు గూడా పగులు బారింది. ఈ వానలకు నిలబడేట్టు లేదు. పక్కన స్లాబు రూము ఏసినా గదా, అందులోకి రామ్మా, ఇది పడగొట్టి నీకు ఇంగో రూము ఏస్తా అంటే అమ్మ వింటాలేదు. నువ్వొచ్చి చెప్తే వింటాది. నువ్వు టీచరు గదా."

"పడగొట్టేద్దాంలే సామేలూ. ఆదివారం వస్తా. నేను చెప్తాలే" అన్నాను. అని ఫోన్ పెట్టేసి మళ్లీ ముక్కల దగ్గర కూర్చున్నాను. అంత పెద్ద మాట అంత తేలిగ్గా అనేశానని అప్పుడు తోచలేదు. నాకు తోచిందల్లా ఆదివారం నాటికి ఆవకాయ కలిపెయ్యాలని, లేకపోతే ముక్కలు మెత్తబడతాయని.

పులివెందుల నుంచి మా పల్లెకు ముద్దనూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి జమ్మలమడుగుకు ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. పొద్దున ఇడ్లీ తిని బయలుదేరితే మధ్యాహ్నం సంగటి వేళకు చేరుకోవచ్చు. ఈ మాట నేనెవరికీ చెప్పను. పల్లెకు పోయి శానా కాలమైందని ఎవరైనా అడిగితే "దూరం కదండీ" అంటాను. పక్కింటామె కొడుకు బెంగళూరు నుంచి నెలకొకసారి వచ్చి పోతుంటాడు. వాడి ముందు కూడా అదే మాట అన్నాను. ఆదివారం బస్సు కిటికీ పక్కన కూర్చుని చీనీ తోటలు దాటి, గుట్టలు దాటి, నల్లరేగడి చేలు మొదలయ్యేసరికి నా దూరం ఎంత అబద్ధమో నాకే సిగ్గు వేసింది.

మా జేజినాయన మిషన్ బడిలో పంతులు. ఆయన చిన్నప్పుడు మా పేటలో అందరివీ బోద గడ్డి కప్పిన కొట్టాలే. మిద్దెలు ఊళ్లో పెద్దరైతులవి. అటువంటి పేటలో ఆయన రాతి గోడలు లేపి, తుమ్మ దూలాలు పరిచి, పైన బండలు వేసి, మట్టి కప్పి మిద్దె కట్టాడు. పంతులుకు మిద్దె కావలసి వచ్చిందా అని ఊళ్లో చాలామంది అన్నారట. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. గోడలకు సున్నం కొట్టించి, దర్వాజా పైన సిలువ గుర్తు చెక్కించి, అరుగు మీద కూర్చుని పిల్లలకు ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మిద్దె మాకు ఇల్లు మాత్రమే కాదనీ, జేజినాయన నోరు తెరవకుండా ఊరికిచ్చిన జవాబనీ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మట్టి మిద్దెతో చిక్కేమిటంటే అది ఏటా మనిషిని పిలుస్తుంది. పైన చౌడు పరచాలి. చౌడు అంటే పైరు మొలవని ఉప్పు నేలలో దొరికే తెల్లటి మన్ను. అది తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. ఎండాకాలంలో, మొదటి మబ్బు పట్టకముందే మిద్దె మీద గడ్డి పీకి, పాత చౌడు గీకి, వంక గట్టు నుంచి కొత్త చౌడు తెచ్చి పరిచి నీళ్లు చల్లి చదును చెయ్యాలి. ఒక్క ఏడు మరిచిపోతే మిద్దె కారుతుంది. రెండేళ్లు మరిచిపోతే గోడ నానుతుంది.

మా నాయన ప్రొద్దుటూరులో టీచరు. బడికి సెలవులిచ్చిన మరునాడే అమ్మ, నాయన, అన్న ప్రసాదు, నేను బస్సెక్కేవాళ్లం. ప్రొద్దుటూరు నుంచి మా నాయనమ్మ జేజికి వక్కాకు, మాకు బొరుగులు, చిన్నమ్మకు పూసల దండో గాజులో తీసుకుని ఒకటే చేతిసంచితో దిగేవాళ్లం. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య, సామేలు తల్లి. మాకంటే ఎంతో పెద్దదేమీ కాదు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆమెకూ నాకూ పొడవులో తేడా ఉండేది కాదు. కానీ మేము బస్సు దిగి ఇల్లు చేరేసరికే ఆమె ముఖానికి చౌడు అంటుకుని ఉండేది. చిన్నాయనా ఆమే అప్పటికే వంక నుంచి బండి తోలి, ఇంటి ముందు చౌడు కుప్ప పోసి మాకోసం చూస్తుండేవాళ్లు. మిద్దె మీద వెయ్యడానికి మాత్రం మేము రావలసిందే. అది జేజినాయన పెట్టిన ఆచారం.

ఆ ఆచారం మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు. బడిపంతులు కదా, ఆయనకు మనుషులను పేరుపెట్టి పిలవనిదే ఏ పనీ మొదలయ్యేది కాదు. మిద్దె మీద నడిమధ్య నిలబడి, చిన్న ప్రార్థన చేసి, హాజరు పిలిచినట్టు ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచేవాడు. పేరున్న మనిషి గంప నెత్తిన పెట్టుకుని "ఉండా" అని జవాబిచ్చి చౌడు కుమ్మరించాలి. ఎవరైనా రాలేకపోతే, జ్వరమొచ్చి పడుకున్నా, ఊరెళ్లినా, వాళ్ల పేరును వదిలెయ్యడం లేదు. పిలిచి, ఆయనే "వస్తాండాడు" అనో "వస్తాండాది" అనో జవాబు చెప్పి, వాళ్ల గంపను ఇంకొకరి చేత పోయించేవాడు. లేడు అనే మాట మిద్దె మీద అనకూడదు.

"పేరు పిలవకపోతే ఏమైతాది జేజినాయనా" అని నేనొకసారి అడిగాను.

"ఆ మనిషి మంచం మీద కారుతాది" అన్నాడు, నవ్వకుండా.

"నేను ప్రొద్దుటూరులో పండుకుంటా గదా. ఆడ కారదు."

"ప్రొద్దుటూరులోనే కారుతాది. మిద్దెకు మీ ఇల్లు తెలుసు."

ఆ మాట నమ్మి నేను ఎంత పెద్దగా "ఉండా" అని అరిచేదాన్నో పేటంతా నవ్వేది. నా గంప చిన్నది, గడప పక్కన తమలపాకులు పెట్టుకునే గంప. అది నిండా చౌడు పోసుకుని, మెడ బిగబట్టుకుని, గోడకు ఆనించిన రాతిమెట్లు ఎక్కుతుంటే చిన్నమ్మ వెనకాలే చెయ్యి పట్టి వచ్చేది. పడకుండా పట్టుకోవడానికని అనుకున్నాను. నా గంపలోంచి రాలిన చౌడును తన కొంగులో పట్టి, నేను కుమ్మరించేటప్పుడు దాన్నీ కలిపేదట. నా వంతు తక్కువ కాకూడదని. ఇది అన్న చెప్పాడు, చాలా ఏళ్ల తర్వాత.

చౌడు పని అయిన సాయంత్రం ఇల్లంతా ఒక వాసన వేసేది. తడిసిన ఉప్పుమన్ను, పొయ్యి మీద ఉడుకుతున్న రాగిసంగటి, రోట్లో నూరుతున్న చెనిక్కాయల ఊరిబిండి. జేజి అందరి తలల మీదా నీళ్లు పోసి, పైన మేము పరిచిన చౌడు మీదే కూర్చోబెట్టి ముద్దలు పెట్టేది. చిన్నమ్మ మాత్రం కింద పొయ్యి దగ్గర ఉండేది. పైకి రమ్మంటే "మీరు తినండి, సంగటి అడుగంటతాది" అనేది. ఆమె ఎప్పుడు తినేదో నేను చూడలేదు. చూడాలని అప్పుడు తోచనూ లేదు.

వానాకాలంలో దసరా సెలవులకు మళ్లీ పోయేవాళ్లం. అప్పుడు చేలల్లో చెనిక్కాయ పీకుతుండేవాళ్లు. వాన మొదలైతే నడిమింట్లో పైకప్పులో ఉండే గవాచిని, అంటే వెలుతురు కోసం విడిచిన చతురస్రపు సందును, బండ జరిపి మూసెయ్యాలి. ఆ బండ జరపడం చిన్నమ్మ పని. తడుస్తూ మిద్దె ఎక్కి, బండ జరిపి, తడుస్తూ దిగేది. మేము కింద చీకట్లో కూర్చుని జేజినాయనతో కలిసి చెవులు పైకి పెట్టి వినేవాళ్లం. ఎక్కడైనా టప్పుమన్న శబ్దం వస్తే "ఎవరి గంప అది" అని ఆయన అడిగేవాడు. అన్న నన్ను చూపించేవాడు, నేను అన్నను చూపించేదాన్ని. ఒకసారి ఆ శబ్దం వచ్చింది మిద్దె కారడం వల్ల కాదు, చిన్నమ్మ చీర పిండుకోవడం వల్ల. అది తెలిసి మేమందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

చలికాలంలో క్రిస్మస్‌కు పోయేవాళ్లం. అప్పటికి జొన్నచేలు కంకి పట్టి, శనగచేలు పచ్చగా పులుపెక్కి ఉండేవి. శనగచేలో నడిస్తే కాళ్లకు ఆ పులుపు అంటుకుని ఇంటికొచ్చాక కూడా నాలుక మీద ఉన్నట్టే ఉండేది. చిన్నాయన వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితం అంటించి మిద్దె మీద కర్రకు నిలబెట్టేవాడు. చిన్నమ్మ కజ్జికాయలు చేసేది. అమ్మ కూడా చేసేదని చెప్పాలి కానీ, అమ్మ పట్నం నుంచి వచ్చిన అక్క కాబట్టి పీట మీద కూర్చుని పూర్ణం కూరేది, నూనె ముందు చిన్నమ్మే కూర్చునేది. తిరిగి వెళ్లేటప్పుడు మా ఒక్క చేతిసంచి పక్కన జొన్నలు, శనగలు, చెనిక్కాయలు, కజ్జికాయల డబ్బా, నెయ్యి చెంబు చేరేవి. చిన్నాయన అవన్నీ మోసి బస్సు మీదికి ఎక్కించేవాడు. నాయన "ఎందుకురా ఇంత" అనేవాడు. అంటూనే ఎక్కించుకునేవాడు. మేము పల్లెకు పండగ చేసుకోవడానికి పోయేవాళ్లం. ఆ పండగ చేసేది వాళ్లు. ప్రొద్దుటూరు బడిలో నా స్నేహితురాళ్లకు "మా పల్లె ఇల్లు" అని ఎంత గొప్పగా చెప్పుకున్నానో గుర్తొస్తే ఇప్పుడు ఆ "మా" దగ్గర నాలుక తడబడుతుంది.

జేజి పోయింది, జేజినాయన పోయాడు. హాజరు పిలిచే వంతు చిన్నాయనకు వచ్చింది. నాయన పోయాడు, అమ్మ పోయింది. నేను టీచరునయ్యాను, పులివెందులలో కాపురం పెట్టాను. అన్న కడపలో ఇల్లు కట్టుకున్నాడు. దసరా రాకలు ముందుగా ఆగిపోయాయి, తర్వాత క్రిస్మస్ రాకలు. మా చర్చిలో నేను పాటల గుంపులో ఉన్నాను, ఎట్లా వదిలి వస్తాను అనేదాన్ని. చివరికి మిగిలింది చౌడు రాక ఒక్కటే. మిద్దె కారుతుంది కాబట్టి, చిన్నాయన పిలుస్తాడు కాబట్టి, ఏడాదికి ఒక్కరోజైనా అన్నా నేనూ మా పిల్లలను తీసుకుని పోయేవాళ్లం. పిల్లలు మన్ను అంటుకుంటుందని ముఖం చిట్లించేవాళ్లు. చిన్నమ్మ వాళ్లకూ గంపలు పెట్టింది. మా వాడు ఫోన్‌లో చూస్తూ "ఉండా" అన్నాడు, గంప చిన్నమ్మే పోసింది.

చిన్నాయన పోయాక ఆ వంతు చిన్నమ్మకు వచ్చింది. చిన్నమ్మకు చదువు రాదు. కానీ ఆ పేర్ల వరస ఆమెకు తప్పేది కాదు. ఆ కాలంలోనే నేను ఫోన్‌లో హాజరు చెప్పడం మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, ఈసారి పరీక్ష పేపర్లు దిద్దల్ల. వచ్చేదానికి కుదర్లేదు."

"సరేలేమ్మే. నీ గంప నేను ఏస్తాలే."

మరుసటి ఏడు పేపర్లు లేవు. మోకాళ్ల నొప్పులున్నాయి. ఆ మరుసటి ఏడు ఎవరిదో గృహప్రవేశం. ప్రతిసారీ అదే జవాబు. "సరేలేమ్మే." ఆ గొంతులో కోపమున్నా బాగుండేది, కోపాన్ని బుజ్జగించడం నాకు వచ్చు.

సిమెంటు ఆలోచన నాదే. చిన్నమ్మకు కంట్లో పొర వచ్చింది. పులివెందులలో ఆపరేషన్ చేయించి కొన్నాళ్లు మా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే అన్నకు ఫోన్ చేసి, "ఈ వయసులో ఆమె మిద్దె ఎక్కడమేంది, చౌడు మీద సిమెంటు పూత వేయించేద్దాం, ఇంక ఎవరికీ బాధ ఉండదు" అన్నాను. అన్న సంతోషంగా ఒప్పుకున్నాడు. సామేలు కొంచెం నసిగాడు, "అమ్మకు చెప్పి చేద్దాంక్కా" అన్నాడు. చెప్తే ఒద్దంటుంది, వచ్చాక చూసి సంతోషపడుతుందిలే అన్నాను. ఆమె కంటికి కట్టు కట్టుకుని మా ఇంట్లో పడుకుని ఉన్నప్పుడు మేస్త్రీ వచ్చి మిద్దె మీద నున్నగా సిమెంటు పరిచి పోయాడు. ఎవరికీ బాధ ఉండదు అన్నానే, ఆ ఎవరికీ అన్నదాంట్లో ముందున్నది నేనే.

ఆమెను దింపడానికి నేనూ పోయాను. ఆటో దిగి, కొత్త కంటితో మిద్దె అంచు కేసి చాలాసేపు చూసింది. చౌడు మిద్దె అంచు మెత్తగా, కొంచెం వంకరగా ఉంటుంది. ఇప్పుడది గీత గీసినట్టుంది.

"నున్నగుండాది" అంది.

"ఇంగ ఎక్కే పని లేదు చిన్నమ్మా. హాయిగా ఉండు."

"ఎక్కే పని లేదా?"

"లేదు."

"సరేలేమ్మే" అంది.

ఆమె సంతోషపడిందనే అనుకున్నాను. ఆమె లోపలికి పోయి కాఫీ పెట్టి తెచ్చింది, తాగి నేను బస్సెక్కాను. ఆ తర్వాత నిజంగానే ఎవరికీ బాధ లేకపోయింది. మబ్బు పట్టినా ఫోన్ రాలేదు. కారని మిద్దె దగ్గరికి పోవడానికి మాకు కారణం దొరకలేదు. చావులకు పోయాం, సామేలు పెళ్లికి పోయాం. పొద్దున పోయి సాయంత్రం వచ్చేశాం.

సిమెంటు కింద ఏం జరిగిందో ఆదివారం సామేలు చూపించాడు. పూత చిన్నచిన్నగా పగిలి, వాననీళ్లు లోపలికి దిగాయి. చౌడైతే ఎండకు మళ్లీ ఆరేది. సిమెంటు కప్పి ఉండడంతో తడి ఆరే దారి లేక కిందికి, దూలాల్లోకి దిగింది. నడిమింటి దూలం గోడలోకి పోయే చోట చేత్తో పట్టి లాగితే పేళ్లు పేళ్లుగా ఊడొచ్చింది. కింద ఒక కర్ర ఊతం నిలబెట్టి ఉంది. ఆ ఊతానికి ఆనుకునే చిన్నమ్మ మంచం వేసుకుంది.

నేను పోయేసరికి ఆమె మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "వచ్చినావా సుగుణా, ముందు తిను, సంగటి ఆరిపోతాది" అంది. కోడలు కంచం పెట్టింది. తింటున్నంతసేపూ నా కళ్లు ఆ కర్ర ఊతం మీదే ఉన్నాయి. తిన్నాక చెయ్యి కడుక్కుని, నా టీచరు గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. దూలం పోయిందని, ప్రమాదమని, సామేలు స్లాబు రూములో ఫ్యానుందని, పడగొట్టి కొత్తది కట్టుకుంటే పిల్లలకు కూడా బాగుంటుందని. ఆమె గింజలు తీస్తూ అంతా విన్నది. క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా అంత శ్రద్ధగా వినరు. మొత్తం అయ్యాక ఒకటే అడిగింది.

"పడగొడితే కొట్టంలో చౌడు ఏం జేసేది?"

"ఏ చౌడు చిన్నమ్మా?"

ఆమె సామేలు కేసి చూసింది. వాడు తల దించుకున్నాడు. "గొడ్ల కొట్టంలో ఉండాదిలేక్కా" అని గొణిగాడు. "ఏటా నా బండి మీదే తెప్పిస్తాది. దేనికమ్మా అంటే ఉండనీలే అంటాది. ముసలితనమని నేనూ ఊరుకుంటాండా."

వెనక గొడ్ల కొట్టంలో ఇప్పుడు గొడ్లు లేవు. రేకు తలుపు తీస్తే లోపల ఒక మూల నుంచి రెండో మూల దాకా తెల్లటి చౌడు కుప్ప. ఒకసారి పోసింది కాదు. ఒక దాని మీద ఒకటి, ఏటా ఇంత, చిన్నచిన్న కుప్పలు కలిసి పెద్దదైందని చూస్తేనే తెలుస్తోంది. కింద ఉన్నది గట్టిపడి రాయి అయింది. పైన ఉన్నది పోయినేటిది, ఇంకా పొడిగా జారుతోంది. గోడకు ఒక గంప బోర్లించి ఉంది. తమలపాకులు పెట్టుకునే చిన్న గంప.

చిన్నమ్మ కోడలి భుజం పట్టుకుని నా వెనకాల వచ్చి నిలబడింది.

"ఇవన్నీ ఏంది చిన్నమ్మా?"

"మీవే" అంది. "నీది, ప్రసాదుది, మీ పిల్లోల్లవి. మిద్దె మీద పొయ్యనీకి లేకుండా చేస్తిరి. పేరు పిలిచినాక మన్ను యాడో ఒగసాట పొయ్యల్ల గదా. ఈడ పోస్తాండా."

"నువ్వు ఒక్కదానివే వచ్చి పిలుస్తాండావా?"

"పిలవకపోతే ఎట్లమ్మే. మీ నెత్తిన కారుతాది గదా" అని నవ్వింది. జేజినాయన నవ్వకుండా చెప్పిన మాటను ఆమె నవ్వుతూ చెప్పింది. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మినా నమ్మకపోయినా ఏటా వంక గట్టు నుంచి మన్ను తెప్పించి, ఈ చీకటి కొట్టంలో నిలబడి, మా పేర్లు పిలిచి, మా తరఫున తానే జవాబు చెప్పుకుని కుమ్మరించింది. ఆ రోజుల్లో నేను పులివెందులలో ఏం చేస్తుంటానో ఆలోచించబోయాను. టీవీ చూస్తుంటాను. నిద్రపోతుంటాను. నా స్లాబు ఇంట్లో ఒక్కచుక్క కూడా కారలేదు.

నాకు ఏడుపు వచ్చింది. టీచరుగా చేసిన ఇన్నేళ్లలో పిల్లల ముందు ఏడవకూడదని నేర్చుకున్న నేను ఆ కుప్ప ముందు ఏడ్చాను. చిన్నమ్మ నన్ను ఊరుకోమని అనలేదు. కొంగు తీసి ఇవ్వలేదు. ఒకప్పుడైతే ఇచ్చేది. ఆ మాత్రం శిక్ష నాకు పడాల్సిందే.

పడగొట్టే మాట మళ్లీ ఎత్తలేదు. తిరిగొచ్చి అన్నకు చెప్పాను.  ఆయనే "సిమెంటు తీయించేద్దాం, కొత్త దూలం వేయించేద్దాం" అన్నాడు. సామేలు మేస్త్రీని పిలిచాడు. సిమెంటు పగలగొట్టి, నానిపోయిన పాత మన్నంతా గీకి, నడిమింటికి కొత్త దూలం ఎత్తి, బండలు మళ్లీ పరిచారు. మబ్బులు మొదలవుతున్నాయని సామేలు తొందరపెట్టాడు. వంక గట్టున చౌడు తవ్వే చోట ఈమధ్యే ప్లాట్లు వేసి రాళ్లు పాతారు, అక్కడ తవ్వనివ్వరు. ముందు కొట్టంలో ఉన్నది వేద్దాం, చాలకపోతే మైలవరం వైపు చూద్దాం అన్నాడు. కొట్టంలో కుప్పను గడ్డపారలతో పెళ్లగించి మిద్దె మీద వేస్తే నడిమిల్లంతా కప్పేసి, వంటింటి మీద సగం దాకా వచ్చింది. మేము రాని ఏళ్లన్నీ కలిపితే అంత ఇల్లు కప్పాయి.

పేర్లు పిలవడానికి మాత్రం కొంత చౌడును చిన్నమ్మ వేరుగా ఉంచింది. ఆ రోజు పొద్దున్నే పోయాను. ఈసారి సెలవు అడగలేదు, నొప్పులు చెప్పలేదు. అన్న రాత్రికే బయలుదేరతానన్నవాడు, మనుమరాలికి జ్వరమని ఆగిపోయాడు. ఏమైనా అనే ముఖం నాకు లేదు. సామేలూ వాడి భార్యా కలిసి చిన్నమ్మను రాతిమెట్ల మీదుగా పైకి ఎక్కించి, మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు. కొత్త చౌడు మీద పొద్దుటి ఎండ తెల్లగా పడుతోంది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తున్నాయి, అవి మా చిన్నప్పుడు లేవు. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది, చిన్నదే. తర్వాత పిలవడం మొదలుపెట్టింది.

నేను కింద గంప నింపుకుంటున్నాను. అదే చిన్న గంప. నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కుతున్నాను. మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతున్నాను. చౌడు జారి భుజం మీద పడుతోంది, వెనక కొంగు పట్టడానికి ఇప్పుడు ఎవరూ లేరు. పైన "సామేలూ" అని వినపడింది. "ఉండా" అన్నాడు వాడు, గంప కుమ్మరించిన శబ్దం వచ్చింది. "ప్రసాదూ" అంది. "వస్తాండాడు" అని తనే జవాబు చెప్పింది. ఆ గంపను కోడలు పోసింది. నేను చివరి మెట్టు ఎక్కి మిద్దె మీద నిలబడ్డాను, ఆమె వీపు వెనకాల, నాలుగు అడుగుల దూరంలో. ఊపిరి అందుకుని, "ఉండా" అనడానికి గొంతు సిద్ధం చేసుకున్నాను. చిన్నప్పుడు పేటంతా నవ్వేట్టు అరిచిన మాటే.

"సుగుణా" అని పిలిచింది చిన్నమ్మ.

నేను నోరు తెరిచేలోపే, వెనక్కి తిరిగి చూడకుండా, ఊపిరి కూడా తీసుకోకుండా, ఇన్నేళ్ల అలవాటు మీద ఆమే జవాబు చెప్పేసింది.

"వస్తాండాది."

సామేలు నా కేసి చూశాడు. ఏం చెయ్యాలో వాడికి తెలియలేదు. చిన్నమ్మ అప్పటికే నా కొడుకు పేరు పిలుస్తోంది. నేను "ఉండా" అన్నాను కానీ అది గొంతులోనే ఉండిపోయింది. సామేలు వచ్చి నా నెత్తి మీద గంప దించుకుని, రానివాళ్ల గంపలు పోసినట్టే, నా పేరు మీద పోశాడు.